అవ్వ మీద వేసిన దగ్గు

నాకు క్షయ వచ్చిందని చెప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. మూత ఉన్న తెమడ డబ్బా చేతపట్టుకుని ఆసుపత్రి వరండాలో నాలుగు నెలలు తిరిగితే అలాంటి సిగ్గులు వాటంతటవే పోతాయి. నేను సిగ్గుపడేది వేరే దానికి. నా దగ్గుని తీసుకెళ్ళి ఒక ముసలమ్మ మీద వేశాను. ఆమె దాన్ని ఐదు నెలలు మోసింది.

ఇది రాయమని నాకెవరూ చెప్పలేదు. ఒంట్లో ఇంకా పూర్తిగా ఓపిక రాలేదని నాకు పని తక్కువ ఇచ్చారు, ఊరికే కూర్చుంటే మనసు నిలవదు, అందుకని రాస్తున్నాను. మా మఠకన్యల సభలో కొత్తగా చేరి కొండల మీదకి వెళ్ళబోయే పిల్లలు చదివితే మంచిదే. చదివి నన్ను నాలుగు తిట్టుకున్నా మంచిదే.

మేం ముగ్గురం ఈ కొండకి వచ్చింది అరవైల చివర. ముంచింగిపుట్టు సంత నుంచి రెండు గంటలు నడిస్తే వచ్చే ఊరు. మొదటి ఏడాది ఒకాయన ఖాళీ చేసి ఇచ్చిన మేకల కొట్టంలో ఉన్నాం. ఎంత కడిగినా మేకల వాసన పోలేదు, మేకలు కూడా అది తమదే అనుకుని సాయంత్రానికి వచ్చేసేవి. తర్వాత ఊరివాళ్ళు మట్టి తొక్కితే, మేం నీళ్ళు మోస్తే, పెంకుల కప్పుతో ఒక పొడుగాటి ఇల్లు లేచింది. ఒక కొసన బడి, మధ్యలో ఆడపిల్లల హాస్టలు, ఇంకో కొసన మందుల గది. మా పెద్ద మదర్ ఫిలోమినా. ఆమె మలయాళీ, తెలుగు పుస్తకం చూసి నేర్చుకుంది, అందుకని అందరినీ మీరు అనేది. మా దూడని కూడా మీరు అనేది. బడి చూసే సిస్టర్ లూసీ శ్రీకాకుళం వైపు పిల్ల, పాతికేళ్ళు కూడా లేవు. నేను గుంటూరు వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన నర్సుని. ఊరివాళ్ళకి నేను మందు సిస్టరమ్మని.

మాకు ప్రతి శుక్రవారం దోషాల గంట ఉండేది. బయట వాళ్ళకి తెలియని ఆచారం కాబట్టి చెబుతున్నాను. చర్చిలో ఫాదర్ల దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వేరు, ఇది వేరు. ముగ్గురం చాప మీద మోకరించి, ఆ వారంలో సంఘ జీవితానికి విరుద్ధంగా చేసిన తప్పులు ఒకరి ముందు ఒకరం పైకి చెప్పుకోవాలి. గ్లాసు పగలగొట్టాను. ప్రార్థనకి ఆలస్యంగా వచ్చాను. వంటింట్లో విసుక్కున్నాను. మదర్ విని, మరియమ్మకి మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమనేది. నేను ఈ గంటలో ఎప్పుడూ తడుముకునేదాన్ని కాదు. నా చిన్న తప్పులన్నీ వరసగా, శుభ్రంగా అప్పజెప్పేదాన్ని. పెద్దది దాచుకోవడానికి అంత వీలైన చోటు ఇంకొకటి ఉండదని అప్పుడు నాకు తోచలేదు. తోచలేదని అంటున్నాను గానీ, తోచే ఉంటుంది.

డెబ్బై నాలుగు, వానలు

దగ్గు వానలకి ముందే మొదలైంది. మొదట చలిగాలి అనుకున్నాను, తర్వాత పొయ్యి పొగ అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లారేసరికి జాకెట్టు వీపున తడిసి ఉండేది. నడికట్టు తాడు ముడి ఒక అంగుళం లోపలికి జరిగింది, తర్వాత ఇంకో అంగుళం. నర్సుని కదా, నాకు తెలియదా? మందుల గది గోడ మీద, మూడు వారాలు దాటి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి తగిలించింది నేనే. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించిందీ నేనే.

నేను పోతే మందుల గది మూతపడుతుంది, కాన్పులకి ఎవరూ ఉండరు, వానలు తగ్గాక చూపించుకుందాం అని నాకు నేను చెప్పుకున్నాను. ఈ మాటల్లో అబద్ధం లేదు. అందుకే అవి అంత బాగా పనికొచ్చాయి. అసలు సంగతి, నేను మంచం ఎక్కి ఎవరిచేతనో సేవ చేయించుకునే మనిషిని అవ్వదల్చుకోలేదు. జబ్బు చేసిన సిస్టరుని కిందికి పంపించి, ఆ చోటికి ఇంకొకర్ని పైకి పంపిస్తారు. నేను నీళ్ళు మోసి కట్టిన గదిలో ఇంకొకరు నా బల్ల ముందు కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను.

ఇంకొకటి కూడా ఉంది. నా చిన్నప్పుడు మా పిన్నికి క్షయ. వెనక వసారాలో మంచం, విడి కంచం, విడి చెంబు. ఇంటికి ఎవరైనా సంబంధం మాట్లాడటానికి వస్తే, ఆమె దగ్గు ముందు గదిలోకి వినపడకుండా మా నాయనమ్మ రోకలి తీసుకుని దంచుతూ కూర్చునేది. రోట్లో ఏమీ ఉండేది కాదు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని. దగ్గు వస్తే నేను లేచి పాత మేకల కొట్టంలోకి వెళ్ళి దగ్గి వచ్చేదాన్ని.

ఆగస్టులో మరియమాత మోక్షారోపణ పండుగకి పిల్లలకి పాటలు నేర్పాలి. ఆ పని కూడా నాదే, గొంతు బాగుంటుందని పేరు. వాన జల్లు పక్క నుంచి కొడుతుంటే కిటికీ చెక్కలు మూసేసి, మధ్యలో కుంపటి పెట్టుకుని, ఇరవై మంది పిల్లలు, నేనూ రోజూ గంటసేపు ఆ గదిలో పాడేవాళ్ళం. గురుబారి అని మా హాస్టల్లో ఉండే పదేళ్ళ పిల్ల నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చునేది. గురువారం పుట్టింది కాబట్టి గురుబారి, ఈ కొండల్లో చాలామందికి పుట్టిన వారమే పేరు. దానికి ఇంకా చదవడం రాదు, పాట నా నోటి నుంచే నేర్చుకోవాలి. నా నోట్లోకి చూస్తూ పాడేది. మాట సరిగా పలకకపోతే రెండు చేతులతో దాని బుగ్గలు పట్టుకుని, నా మొహం దగ్గరికి తీసుకుని, ఇలా తెరువు అని చూపించేదాన్ని.

ఇది రాస్తుంటే చేయి ఆగిపోతోంది. అయినా రాయాలి.

నవంబరు

గురుబారి దగ్గడం మొదలుపెట్టింది. పిల్లకి అన్నం సయించడం లేదు, సాయంత్రం జ్వరం. ఈసారి నేను ఒక్క వారం కూడా ఆగలేదు. నా విషయంలో ఐదు నెలలు ఆగిన నేను దాని విషయంలో ఐదు రోజుల్లో కదిలాను. తల్లి బుదురమ్మని వెంటబెట్టుకుని, జీపులో పాడేరు దాకా, అక్కడి నుంచి బస్సులో పట్నం చేరి, ఛాతీ ఆసుపత్రిలో బెంచీ మీద మర్నాడు మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పిల్ల నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. బుదురమ్మ ఎప్పుడూ పట్నం చూడలేదు. గోడ మీద ఫ్యాను వైపు చూస్తూ, అది ఊడి పడదు కదా అని నన్ను రెండుసార్లు అడిగింది.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాడు. క్షయే. తర్వాత బుదురమ్మ వైపు తిరిగి అడిగాడు. "ఇంట్లో ఎవరైనా చాలాకాలంగా దగ్గుతున్నారా?"

ఆయన పట్నం మాట ఆమెకి అందలేదు. నా వైపు చూసింది. నేను ఆమె యాసలోకి మార్చి చెప్పాల్సింది. మార్చలేదు. ఆమె బదులు నేనే జవాబు చెప్పాను.

"వాళ్ళ అవ్వ దగ్గుతుందండీ."

అది నిజమే. గురుబారి తండ్రి తల్లి సొంబారి అవ్వ నేను ఎరిగినప్పటి నుంచీ దగ్గుతూనే ఉంది. ఇక్కడి ఆడవాళ్ళు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు, అడ్డపొగ అంటారు. ఆ పొగకి దగ్గని ముసలమ్మ ఈ చుట్టుపక్కల లేదు.

"మీ హాస్టల్లో, మఠంలో ఎవరికైనా?" అన్నాడు డాక్టరు కాగితం మీద రాసుకుంటూ.

"లేదండీ," అన్నాను. దగ్గు అప్పటికే గొంతుదాకా వచ్చింది. మింగాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన పిల్ల మీద జాలితో అనుకుని ఉంటాడు.

బయటికి వచ్చాక బుదురమ్మ నా కొంగు పట్టుకుంది. "అవ్వ అన్నావేటి సిస్టరమ్మా? మా అత్త వల్లేనేటి నా గుంటకి ఇలగైపోనాది?"

"అలాగే ఉంది బుదురమ్మా," అన్నాను.

అలా ఏమీ లేదు. అలా అనేశాను, అంతే.

ఊరికి తిరిగి వచ్చాక వాళ్ళింటికి వెళ్ళి అన్నీ పద్ధతిగా చెప్పాను. హాస్టల్లో మిగతా పిల్లల తల్లిదండ్రులు భయపడుతున్నారు, గురుబారి ఇంట్లోనే ఉండాలి, రోజూ నేనే వచ్చి సూది వేస్తాను, అవ్వకి పరీక్ష అయ్యేదాకా పిల్ల ఆమె దగ్గరికి పోకూడదు, మీరు కూడా దూరంగా ఉండాలి. హాస్టలుకి వచ్చేదాకా, పుట్టినప్పటి నుంచీ పిల్ల అవ్వ పక్కలోనే పడుకునేదని నాకు తెలుసు.

అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని అంతా వింది. నోట్లోంచి చుట్ట తీసి అంది. "నాది అడ్డపొగ దగ్గు సిస్టరమ్మా. నువ్వు పుట్టకముందు నుంచి దగ్గుతన్నాను. అప్పుడు రానిది ఇప్పుడెలగొచ్చీసినాది?"

"జబ్బుకి పురుగులుంటాయి అవ్వా. అవి కంటికి కనపడవు," అన్నాను.

"కనపడని పురుగులు నాకాడే ఉన్నాయని నీకెలగ కనపడినాది?"

నేను పాఠం చెప్పడానికి నోరు తెరిచాను. నా బదులు కొడుకే కసిరాడు. "సిస్టరమ్మ సదువుకున్న మనిషి. నీకేటి తెలుసు, ఊరుకో." అవ్వ ఊరుకుంది. పరీక్షకి పట్నం దాకా పోవడానికి ఆమె మోకాళ్ళు సాగవు. కాబట్టి మర్నాడు చాప, దుప్పటి, ఒక కుండ తీసుకెళ్ళి, పంటకి అడవిపందులు రాకుండా కాపలా ఉండే పొలం పాకలో ఆమెని దించారు. చోడి, అంటే రాగి కోతలు అయిపోయి పాక ఖాళీగా ఉంది.

రోజూ సూదికి వెళ్ళడానికి నాకు దారి ఆ గట్టు మీదుగానే. ఇంకో దారి ఉంటే పోదామని చూశాను, లేదు. అవ్వ పాక ముందు నిప్పు దగ్గర కూర్చుని నన్ను దూరం నుంచే పోల్చుకునేది. నన్ను ఒక్క మాట కూడా అనేది కాదు. రోజూ ఒకటే అడిగేది.

"గుంట అంబలి తాగినాదా సిస్టరమ్మా?"

"తాగింది అవ్వా."

నేను ముసుగు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వెళ్ళేదాన్ని. చూసినవాళ్ళు అవ్వ జబ్బు నాకు అంటకుండా అనుకునేవాళ్ళు. అనుకోనిచ్చాను.

క్రిస్మస్ ముందు

నేను ఒప్పుకోలేదు. దొరికిపోయాను. ఈ తేడా స్పష్టంగా రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

డిసెంబరులో ఒక శుక్రవారం, దోషాల గంట. బయట మంచు దిగిపోయి మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. లూసీ తన వంతు చెప్పింది, పిల్లల మీద కేకలేశానని. నా వంతు వచ్చింది. "జ్వరం చూసే గొట్టం ఒకటి పగలగొట్టాను. బుధవారం ప్రార్థనలో కునికాను," అని మొదలుపెట్టాను. ఆ గొట్టం ఎందుకు పగిలిందంటే నా జ్వరం ఎంతుందో చూసుకుని కంగారులో జారవిడిచాను. ఆ ముక్క చెప్పలేదు. మూడో తప్పు ఏం చెబుదామా అని వెతుక్కుంటుండగా దగ్గు తెర వచ్చింది. ఆపుకుందామని చూశాను. ఆగలేదు. చాప మీద నెత్తురు పడింది, గుప్పెడు.

ముగ్గురం దాన్నే చూస్తూ ఉండిపోయాం. లూసీ ఏడుపు లంకించుకుంది. మదర్ లేచి వచ్చి నా నుదుటి మీద చేయి వేసి, "ఎప్పటి నుంచి?" అంది. నేను వేళ్ళు లెక్కపెట్టబోయి మానేశాను. "వానల ముందు నుంచి," అన్నాను.

మదర్ ఆ చాప తనే చుట్టి బయటికి తీసుకెళ్ళింది. ఆమె వీపు వణకడం చూశాను. కోపమో, ఏడుపో నాకు తెలియదు. మర్నాడే నన్ను కిందికి దించారు. గురుబారి సూదుల పని మదర్ తీసుకుంది. నేనే నేర్పాను ఒకప్పుడు, అవసరపడుతుందని.

డిసెంబరు చివర నుంచి ఏప్రిల్ దాకా, ఆసుపత్రి

అదే బెంచీ, అదే ఫ్యాను, అదే డాక్టరు. ఫిల్ము కిటికీకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నిన్న మొన్నటిది కాదు సిస్టర్."

"కాదండీ."

"నవంబరులో ఆ కొండపిల్లని తీసుకొచ్చింది మీరే కదా?"

"నేనేనండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మీరు నర్సు," అన్నాడు. అడిగినట్టు కాదు, ఊరికే అన్నట్టు అన్నాడు. నాలుగు తిట్టి ఉంటే నాకు బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

సూదుల వల్ల చెవుల్లో రోజంతా గుయ్యిమనేది. మాత్రలకి కడుపులో తిప్పేది. అంతకు మించి ఒంటి బాధల గురించి రాయడానికి ఏమీ లేదు, అవి అందరికీ ఉన్నవే. పక్క మంచంలో అచ్చియ్యమ్మ అని జూటు మిల్లులో పనిచేసిన ఆవిడ. నా ముసుగు రెండు రోజులకోసారి నేను అడక్కుండానే ఉతికి, మడతపెట్టి, దిండు కింద పెట్టేది. "నెత్తి మీద గుడ్డ నేకపోతే నీకు బితుకుబితుకుమంటాది అమ్మగోరూ, నాకు తెల్దేటి," అనేది. తన గుడ్డు సగం నాకు పెట్టేది. నేను వద్దంటే పెద్దగా దెబ్బలాడేది, వార్డంతా చూసేట్టు. ఆమె దయ తీసుకుంటుంటే నాకు దొంగతనం చేస్తున్నట్టుండేది.

ఆ వార్డులో కొత్తగా ఎవరు చేరినా మొదట అడిగేది ఒకటే, నీకు ఎవరి నుంచి వచ్చింది అని. ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్పేవారు. మొగుడు, అత్త, పక్కింటి కుట్టుమిషను మనిషి. నువ్వు ఎవరికి ఇచ్చావు అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే ఏం చెప్పాలో నేను మంచం మీద పడుకుని తయారుచేసుకుంటూ ఉండేదాన్ని. రోజుకోరకంగా చెప్పుకునేదాన్ని, రోజూ అందులో నా తప్పు కొంచెం తగ్గేది.

మా అన్నయ్య ఒకసారి వచ్చాడు. కమలాపళ్ళు తెచ్చి కిటికీ అవతల నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే బస్సు వేళయింది అన్నాడు. పెద్దమ్మాయికి సంబంధం కుదిరేలా ఉందని, ఇంటికి ఉత్తరం రాస్తే ఆసుపత్రి పేరు రాయవద్దని, కింద చూస్తూ చెప్పాడు. నేను అతని మీద కోప్పడలేదు. ఏ మొహంతో కోప్పడను?

ఇక్కడ ఒక మాట చదివేవాళ్ళకి సూటిగా చెప్పాలి. దగ్గు ఉంటే చెప్పండి. మీరు ఎంత పనికొచ్చే మనుషులైనా సరే, పనికొచ్చే మనుషులైతే ఇంకా ముందు చెప్పండి. మీ చుట్టూ ఉన్నవాళ్ళు మీ మాట నమ్ముతారు. మీరు నోరు మూసుకుంటే ఆ ఖాళీలో ఇంకెవరినో నిలబెడతారు. ఆ ఇంకెవరో ఎప్పుడూ ఇంట్లో అందరికంటే తక్కువ మాట చెల్లే మనిషే అయి ఉంటుంది.

అంతా తెలిసి కూడా ఆ నాలుగు నెలల్లో నేను చేసింది ఏమిటంటే, మదర్‌కి కార్డులు రాశాను. మందుల గది తాళం ఎక్కడుందో రాశాను. కోడిపెట్ట పొదిగిందా అని అడిగాను. గురుబారి ఎలా ఉందని ప్రతి కార్డులోనూ అడిగాను, తేరుకుంటోందని ప్రతిసారీ జవాబు వచ్చింది. అవ్వని ఇంటికి తెచ్చెయ్యండి, ఆ దగ్గు నాది అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. కార్డు మీద చోటు కూడా ఉండేది. సంక్రాంతి చలిలో కొండ మీద పాకలో ముసలి ప్రాణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసే, చోటు వదిలేసి, సంతకం పెట్టి పోస్టు చేశాను.

ఏప్రిల్ చివర

నన్ను తీసుకెళ్ళడానికి మదర్ వచ్చింది. చేతిలో మూత ఉన్న డబ్బా. "ఇది సొంబారి అవ్వగారిది. నేనే పాకకి వెళ్ళి పట్టించాను. ఆమె నడవలేకపోతే డబ్బా నడుస్తుంది కదా," అంది. ఆ ఆలోచన నవంబరులో నాకు వచ్చి ఉండాల్సింది. నర్సుని నేను.

రెండు రోజులు ఆగి చీటీ తీసుకున్నాం. అవ్వ తెమడలో ఏమీ లేదు. మదర్ ఆ చీటీ రెండుసార్లు చదివి, మడిచి, ప్రార్థన పుస్తకంలో పెట్టుకుంది. పాడేరులో జీపు ఎక్కాం, కొండ మలుపులు మొదలయ్యాయి. జీపులో మిరియాల బస్తాలు, మా వెనక పదిమంది. మలుపులో ఒకరి మీద ఒకరం పడుతూ ఉండగా నేను చెప్పేశాను. డాక్టరు బుదురమ్మని అడిగితే నేను జవాబు చెప్పడం, మఠంలో ఎవరికైనా అంటే లేదనడం, అన్నీ. తయారుచేసుకున్న రకాలు ఏవీ గుర్తు రాలేదు.

మదర్ నా వైపు తిరిగింది. "మీ దగ్గు ముందు, పిల్లది తర్వాత అని ఫిబ్రవరిలో లెక్క తేలింది. మీరు చెబుతారని అప్పటి నుంచి చూస్తున్నాను," అంది. "నేను కూడా అడగలేదు. అది నా దోషం. కానీ ఈ మాట నాకు చెప్పి లాభం లేదు. అవ్వగారికి మీరు చెప్పాలి."

జీపు సంత దగ్గర దిగి, రెండు గంటల నడకని నేను మూడున్నర గంటలు నడిచాను. ఊరి చీలిక దగ్గర మదర్ నా మూట తీసుకుని మఠం దారి పట్టింది. నేను బుదురమ్మ ఇంటికి వెళ్ళాను.

గురుబారి వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. బుగ్గలు వచ్చాయి. నన్ను చూసి లేచి పరిగెత్తుకు రాబోయి, తల్లి మొహం చూసి ఆగింది. దగ్గరికి పోవచ్చా లేదా అని అడిగి చూసుకోవడం ఆ పిల్లకి అలవాటు చేసింది నేనే. బుదురమ్మని పక్కకి పిలిచి చెప్పాను. పిల్లకి ఇచ్చింది నేను. అవ్వకి ఏ జబ్బూ లేదు, చీటీ వచ్చింది. నాకు అప్పుడే తెలుసు.

ఆమెకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. చేతిలో చేట కింద పెట్టింది.

"తెలిసే సెప్పినావా?"

"తెలిసే చెప్పాను."

"మా అత్తని ఇన్నాళ్ళు పొలంలో ఉంచీసినాం. నువ్వు సెప్పినావని. అంబలి గట్టు మీదెట్టేసి ఎనక్కి వొచ్చీసీదాన్ని. దగ్గిరికెల్లొద్దన్నావని ఆ సలిలో ఒక్కనాడు కూడా కూకోనేదు ముసల్దాని కాడ." ఆమె గొంతు పెంచలేదు. "ఊరందరూ మా అత్తే గుంటని తినేత్తందన్నారు. నానూ అన్నాను. నా నోటితో నాను అన్నాను సిస్టరమ్మా."

ఆమె మొహం తిప్పుకుని చేట తీసుకుంది. "నువ్వే ఎల్లి సెప్పు. నాకు మొకం సెల్లదు," అంది.

అవ్వ పాక నీడలో కూర్చుని తాడు పేనుతోంది. శీతాకాలం ఆమెని సగం చేసింది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. నన్ను చూసి, పాపం, ముందు నా ఆరోగ్యం అడిగింది. "సిక్కిపోనావు సిస్టరమ్మా. తగ్గినాదా?"

నేను ఆమె ముందు మోకరించాను. వారం వారం చాప మీద మోకరించిన మోకాళ్ళే. ఆమె కంగారుపడింది. "మట్టిలో అలగ కూకుంటావేటి, ఒంట్లో బాగోనిదానివి," అని చాప ఇవతలికి లాగింది. నేను చాప మీదికి జరగలేదు. చెప్పాను. చిన్న చిన్న మాటల్లో, ఆమెకి అందేట్టు, దేన్నీ చివర్న దాచకుండా చెప్పాను. గుంటకి వచ్చింది నీ వల్ల కాదు అవ్వా, నా వల్ల. నీకు ఏ జబ్బూ లేదు. నాకు తెలిసి కూడా నీ పేరు చెప్పాను. నా సిగ్గు కోసం నిన్ను ఇక్కడ కూర్చోబెట్టాను.

అవ్వ తాడు పేనడం ఆపి వింది. ఆమె తిట్టే తిట్టు ఎలా ఉన్నా తల వంచుకుని పడదామని నేను తల వంచుకునే ఉన్నాను. తిట్టినా నాకు సుఖంగానే ఉండేది.

"ఐతే," అంది అవ్వ, "గుంట నా కాడికి రావొచ్చునా?"

"రావచ్చు అవ్వా."

"ఈయేలేనా? మల్లీ డాక్టరు దగ్గిర అడగాలేటి?"

"ఎవరినీ అడగక్కర్లేదు. ఈ రోజే."

ఆమె తాడు పక్కన పడేసింది. గుంజ పట్టుకుని లేచింది, రెండో ప్రయత్నానికి గానీ లేవలేకపోయింది. నేను చేయి అందించాను. ఆమె చూడలేదో, చూసి వద్దనుకుందో తెలియదు, పట్టుకోలేదు. చాప, దుప్పటి, కుండ దేనికోసమూ వెనక్కి తిరగలేదు. ఎండలో, ఆ మోకాళ్ళతో, గట్టు మీద నుంచి ఊరి వైపు నడిచింది.

క్షమించమని నేను అన్నానో లేదో నాకు సరిగా గుర్తు లేదు. అన్నా ఆమెకి వినపడి ఉండదు. అప్పటికే గట్టు దిగిపోయి, మనవరాలిని పేరు పెట్టి పిలుస్తూ పోతోంది.